ఎదురింటి గోడ మీది చూపు

1981 జూన్‌లో నన్ను విశాఖపట్నం పాత పట్టణం వార్డులకు టౌన్ ప్లానింగ్ సూపర్వైజరుగా వేశారు. ఆ హోదా గురించి బయటివాళ్ళకి పెద్దగా తెలియదు. బిల్డింగ్ ఇన్స్పెక్టరు టేపు పట్టుకుని వీధుల్లో తిరిగి కొలతలు తెస్తాడు. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు తన గదిలో కూర్చుని ఉత్తర్వుల మీద సంతకం చేస్తారు. ఆ ఇద్దరి మధ్యా ఉండి, వచ్చిన కొలతలు సరైనవో కాదో చూసి, ఏ నిబంధన కింద ఏం చేయవచ్చో నోట్ రాసేవాడు సూపర్వైజరు. ఆఫీసర్లు సాధారణంగా ఆ నోట్‌లో చివరి పేరా మాత్రమే చదువుతారు. మా ఆఫీసరు విశ్వనాథంగారు మొదటి పేరా కూడా చదివేవారు. అందుకని ఆయన దగ్గర పని చేయడం కొంచెం కష్టంగానూ, కొంచెం సుఖంగానూ ఉండేది.

ఉక్కు కర్మాగారం కోసం నేల చదును చేస్తున్న రోజులవి. ఊళ్ళోకి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి పడుతున్నారు. ఏ సందులోకి వెళ్ళినా ఇంటి ముందు గది దుకాణంగా మారిపోయి ఉండేది. ఒకచోట టిఫిన్ల హోటలు, ఇంకోచోట వెల్డింగ్ షెడ్డు, మరోచోట టైపు నేర్పే బడి. నివాస ప్రాంతమని ప్లాన్‌లో రంగు వేసిన చోట వ్యాపారం చేయకూడదు. కానీ అందరినీ లేపేయడం కుదిరే పని కాదు. అందుకని తాత్కాలిక అనుమతి అనే వెసులుబాటు ఉండేది. ఏడాదికి ఇస్తారు. గడువు తీరగానే పునఃపరిశీలన జరుగుతుంది. ఇరుగుపొరుగుకి నోటీసులు వెళతాయి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే రాసి ఇవ్వవచ్చు. అభ్యంతరాలు వస్తే ఇరుపక్షాల ఎదుటా స్థలం చూసి, అనుమతి పొడిగించాలా, షరతులు పెట్టాలా, రద్దు చేయాలా అన్నది తేల్చాలి. ఆ ఏడాది నా బల్ల మీదున్న ఫైళ్ళలో ఎక్కువ భాగం ఇవే.

వాటిలో ఒకటి ఉప్పుకొట్ల సందులోని ఒక ఫోటో స్టూడియోది. పేరుకి సందే గాని, ఒకప్పుడు రేవుకి ఉప్పు బళ్ళు వెళ్ళిన దారి. కొట్లన్నీ కూలిపోయి, మధ్య మధ్య పెంకుటిళ్ళు మిగిలాయి. దరఖాస్తుదారు పేరు దానియేలు. పెద్ద రోడ్డు మీద ఆయనకి ఉన్న దుకాణం రోడ్డు వెడల్పులో పోయింది. అప్పుడు ఈ సందులో ఇల్లు అద్దెకు తీసుకుని, వెనక భాగంలో కాపురం, ముందు గదిలో స్టూడియో పెట్టుకున్నాడు. మొదటి ఏడాది అనుమతి ఏ ఇబ్బందీ లేకుండా వచ్చింది. ఫోటో స్టూడియో అంటే శబ్దం ఉండదు, పొగ ఉండదు, లారీలు రావు. పొడిగింపు కూడా అలాగే అయిపోతుందనుకున్నాం.

ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది. ఎదురింటి నూకరత్నం అనే ఆమె అర్జీలు రాసేవాడితో రాయించి వేలిముద్ర వేసింది. ఎదుటి కొట్టులోని మనిషి రోజూ తమ ఇంట్లోకి చూస్తున్నాడనీ, ఇంట్లో తానూ తన అత్తా తప్ప మగదిక్కు లేదనీ, కొట్టు తీయించమనీ అందులో ఉంది. మా గుమాస్తా దానికి పెన్సిలుతో పక్కన రాశాడు: గోప్యతకు భంగం, కిటికీకి చాటు కట్టించవచ్చు. ఇలాంటివి మాకు మామూలే. మేడ మీద కిటికీ పెడితే పక్కింటి పెరడు కనబడుతుందని తగువులు వస్తూనే ఉంటాయి. దానికి ఒక తడికో, గాజు మీద రంగో షరతుగా పెడితే సరిపోతుంది. విశ్వనాథంగారు మాత్రం అర్జీ రెండుసార్లు చదివి, మనిషి చూస్తున్నాడంటోంది, మనుషులు అనడం లేదు, వెళ్ళి ఆ మనిషి ఎలాంటివాడో చూడండి అన్నారు. ఆయన అనుమానం నాకర్థమైంది. ఒంటరి ఆడదాన్ని ఎదురింటి మగాడు వేధిస్తున్నాడేమో చూడమని ఆయన ఉద్దేశం.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. స్టూడియో తలుపు బార్లా తీసి ఉంది. దానియేలు అరవై దాటిన మనిషి. సోడాబుడ్డి కళ్ళద్దాలు. వీధివైపు వీపు పెట్టి, బల్ల మీదికి వంగి పని చేసుకుంటున్నాడు. ఆ కుర్చీలో కూర్చుంటే ఎదురిల్లు కనబడే వీలే లేదు. నేనెవరో చెప్పగానే లేచి, కండువాతో ఇంకో కుర్చీ తుడిచి వేశాడు.

గదికి ఎడమ గోడ మీద అందరి స్టూడియోల్లో ఉండే ఫోటోలే ఉన్నాయి. పెళ్ళి జంటలు, పాకే పిల్లలు, డిగ్రీ గౌను తొడుక్కున్న కుర్రాడు. వీధికి ఎదురుగా ఉన్న గోడ నిండా వేరే ఫోటోలు. అన్నీ మొహాలే, మెడ పైభాగం వరకే. అన్నీ ఒకే సైజు, గాజు పలకల కింద నల్ల పట్టీ అంటించినవి. ఒకరికీ నవ్వు లేదు. జుట్టు ఎవరికీ దువ్వి లేదు. అయినా అందరూ కళ్ళు విప్పి నేరుగా నావైపే చూస్తున్నారు. నాకు తెలియకుండానే గది మధ్యనుంచి పక్కకి జరిగాను. అక్కడికీ చూస్తూనే ఉన్నారు.

వీళ్ళెవరని అడిగాను.

"ఎవులో తెలిస్తే ఇక్కడెందుకుంటారు సార్," అన్నాడు దానియేలు. "రేవులో, సముద్రం ఒడ్డున, రైలు పట్టాల మీద దొరికిన శవాలు. నాను పోలీసులకి ఫోటోలు తీస్తాను. ఆస్పత్రి శవాల గదికి పిలుస్తారు, తీసి ఇస్తాను. స్టేషను బోర్డు మీద పెడితే ఎండకి, వానకి పాడైపోతన్నాయి. అందుకని ఒక కాపీ ఇక్కడ పెట్టినాను. ఇప్పుడు స్టేషనోళ్ళే మనుషుల్ని ఇక్కడికి పంపించేత్తన్నారు."

ఆయన చెబుతుండగానే గుమ్మంలో ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. అచ్యుతాపురం వైపునుంచి వచ్చానన్నాడు. చెప్పులు బయట విడిచి, తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని గోడ దగ్గరకి వెళ్ళాడు. పై వరసలో ఒక చివరనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మొహం ముందూ ఆగుతూ, కింద వరస చివరిదాకా చూశాడు. తర్వాత దానియేలుకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయనకి మనసు కుదుటపడిందో, ఇంకా కుంగిపోయిందో ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

చనిపోయినవాళ్ళకి కళ్ళెలా తెరుచుకున్నాయని అడిగాను. దానియేలు బల్ల మీది సన్నటి కుంచె చూపించాడు.

"నానే దిద్దుతాను సార్. కళ్ళు మూసుకున్న మొహాన్ని ఎవులూ తిన్నగా సూడరు. ఒక్కసారి సూసి తల తిప్పేసుకుంటారు. సొంత కొడుకునైనా గుర్తుపట్టరు. కళ్ళుంటే నిలబడతారు. నిలబడితే గుర్తుపడతారు."

అలా గుర్తుపట్టినవాళ్ళున్నారా అంటే, ఉన్నారన్నాడు. గోడ మీద అక్కడక్కడా ఖాళీ మేకులు చూపించాడు.

గోడ కొలతలు, తలుపు కొలతలు, సందు వెడల్పు రాసుకుని ఎదురింటికి వెళ్ళాను. చిన్న పెంకుటిల్లు. పక్కన ఉప్పు కొట్టు కూలిపోయిన ఖాళీ స్థలం. నూకరత్నానికి ముప్పై లోపే ఉంటాయి. రేవు క్యాంటీన్లో పప్పు రుబ్బే పని చేసేది. పొద్దున్నే వెళ్ళి మూడింటికి వచ్చేస్తుంది. పెద్ద బొట్టు, మెళ్ళో పసుపుతాడు. భర్త అప్పలరాజు బార్జీల మీద ఖలాసీ. కిందటేడు వానల్లో ఇంట్లో మాటామాటా పెరిగి, చొక్కా తగిలించుకుని వెళ్ళిపోయాడు. పారాదీప్ రేవుకి వెళ్ళిపోయాడని ఒకరు, యారాడలో ఎవరినో ఉంచుకున్నాడని ఇంకొకరు అన్నారు. మళ్ళీ రాలేదు. ఇదంతా ఆమె చెప్పలేదు. కిటికీ పక్కన నులకమంచం మీద కూర్చున్న అత్త పైడమ్మ చెప్పింది. ముసలమ్మకి కళ్ళలో శుక్లాలు ముదిరిపోయాయి. వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియవు.

కిటికీకి ఒకవైపు గోనెపట్టా వేలాడుతోంది. మేకు కొట్టింది కోడలు, ఊడబెరికింది అత్త. గాలి రావడం లేదని ముసలమ్మ గొడవట.

నేను నూకరత్నాన్ని సూటిగానే అడిగాను. దానియేలు కుర్చీ అటు తిరిగి ఉందమ్మా, ఆయన నీ ఇంట్లోకి ఎలా చూస్తాడు అన్నాను.

"నాను దానియేలు బాబాయ్ అన్నానేటి?" అంది ఆమె. "గోడ మీదోడు."

గోడ మీద చాలామంది ఉన్నారు కదా అన్నాను.

ఆమె అత్తవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మొకాలు ఏరు బాబూ. సూసేవోడు ఒక్కడే. మీరు కూకోండి. పొద్దు వాలనియ్యండి, మీకే తెలుత్తాది."

నాకు ఆఫీసుకి తిరిగి వెళ్ళే పని ఉంది. అయినా కూర్చున్నాను. అభ్యంతరం చెప్పిన మనిషి ఫలానా వేళ ఇబ్బంది అన్నప్పుడు ఆ వేళకి అక్కడ ఉండాలన్నది మా పద్ధతి. రుబ్బురోలు చప్పుడని ఫిర్యాదు వస్తే రోలు ఆడేటప్పుడు వినాలి కదా.

పొద్దు వాలుతుండగా కూలిన కొట్టు ఖాళీలోంచి ఎండ ఏటవాలుగా సందు దాటి స్టూడియోలో పడింది. ముందు నేల, తర్వాత బల్ల, ఆ తర్వాత వెనక గోడ వెలిగింది. గాజు పలకలు ఒక్కటొక్కటే మెరుస్తూ వచ్చాయి. పలక మెరిసినప్పుడు మొహం కనబడదు. మెరుపు పక్కకి జరగగానే కనబడుతుంది. అలా ఒకదాని తర్వాత ఒకటిగా, ఎవరో తల పక్కకి వంచి ఒక్కొక్క కిటికీలోంచీ తొంగి చూసినట్టు, అవే కళ్ళు వస్తున్నాయి. పై రెప్ప బరువుగా వాలి ఉండటం, ఒక కంటి పాప ముక్కువైపు కొంచెం ఒరిగి ఉండటం. ముసలివాడి మొహంలోనూ అవే. మీసం రాని కుర్రవాడిలోనూ అవే. ఒక ఆడమనిషి మొహంలోనూ అవే. దగ్గరనుంచి చూసినప్పుడు మొహాల తేడాలు నా దృష్టి లాగేశాయి. దూరంనుంచి చూస్తే మొహాలు పోయి చూపు ఒక్కటే మిగిలింది.

ఇంజనీరింగు చదివినవాణ్ణి. నలుగురిలో దెయ్యాలూ భూతాలూ అంటే నవ్వేవాణ్ణి. అయినా ఆ కిటికీ ముందునుంచి లేవడానికి నాకు కొంత సేపు పట్టింది.

"ఎదురింట్లో ఎవులో ఉన్నారు బాబూ," అంది పైడమ్మ తనలో తాను మాట్లాడుకున్నట్టు. "నాకు కనబడదు గాని, ఉన్నట్టు తెలుత్తాది."

నూకరత్నం పట్టా కిటికీకి అడ్డంగా లాగింది.

మర్నాడు నేను మళ్ళీ స్టూడియోకి వెళ్ళాను. దానియేలు కొత్త ఫోటో ఒకటి ముందు పెట్టుకుని పనిలో ఉన్నాడు. దగ్గరి పని కాబట్టి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. ఎడం చేతిలో గడ్డం గీసుకునే అద్దం. అందులోకి చూస్తాడు, కుంచె ఒకసారి అద్దుతాడు, మళ్ళీ అద్దంలోకి చూస్తాడు. నా అడుగుల చప్పుడు విని తలెత్తాడు. కళ్ళద్దాలు లేని ఆయన మొహం నేను చూడటం అదే మొదటిసారి. బరువైన రెప్పలు. ఒక పాప ముక్కువైపు ఒరిగి ఉంది. గోడ మీది అందరి చూపూ ఇటు తిరిగి నన్ను చూసింది.

ఆయనే అడిగాడు, ఏమైంది సార్ అని. చెప్పాను.

దానియేలు గోడవైపు తిరిగి చాలాసేపు చూశాడు. తాను రోజూ చూస్తున్నవే, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "సచ్చిపోయినోళ్ళ కళ్ళు ఎలా ఉండేవో నాకేటి తెలుసు సార్. ఏదో ఒకటి సూసి గియ్యాలి కదా. నా దగ్గరున్నవి ఇయ్యే," అన్నాడు చివరికి. ఆ తర్వాత అద్దం బోర్లించి పెట్టాడు.

ఇరుపక్షాల ఎదుటా జరగాల్సిన తనిఖీ ఆ వారంలోనే పెట్టాం. అలాంటి తనిఖీలో అభ్యంతరం చెప్పినవాళ్ళు స్థలంలోకి వచ్చి, తమకి ఏది ఇబ్బందో చూపించాలి. తర్వాత ఇద్దరి వాంగ్మూలాలూ రాసుకుని సంతకాలు తీసుకుంటాం. నూకరత్నం క్యాంటీన్‌నుంచి తిన్నగా వచ్చింది. చీర కొంగుకి పప్పు పిండి ఇంకా అంటి ఉంది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

లోపలికి రావాలమ్మా అన్నాను.

"బయటినుంచే సూపిత్తాను బాబూ."

అలా కుదరదన్నాను. దానియేలు కుర్చీ జరిపి దారి ఇచ్చాడు. ఆమె రెండు చేతులా ద్వారబంధం పట్టుకుని నిలబడింది. భయపడుతోందనుకున్నాను. కొన్ని ఫోటోలకి గుడ్డ కప్పమని దానియేలుకి చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒద్దు. లోనికి ఎల్తే తేలిపోద్దనే ఇన్నాళ్ళూ ఎల్లనేదు," అంది.

ఆ మాటకి అర్థం నాకు వెంటనే తెలియలేదు. ఆమె గడప దాటింది. అచ్యుతాపురం ముసలాయనలా ఒక చివరనుంచి చూడలేదు. నేరుగా నడిచి రెండో వరసలో ఒక ఫోటో ముందు ఆగింది. ఏ మేకుకి ఏ మొహం ఉందో ఆమెకి ముందే తెలుసు. తన కిటికీలోంచి నెలల తరబడి చూస్తూనే ఉంది.

అది ముప్పై ఏళ్ళు దాటిన మగవాడి మొహం. గడ్డం మీద చిన్న నొక్కు. మిగిలిన వాటిలాగే దాంట్లోంచీ దానియేలు చూస్తున్నాడు.

"మొకం మా మావదే," అంది నూకరత్నం. "సూపు మా మావది కాదు. ఇది పెట్టిన కాణ్ణుంచి నాను ఇదే సూత్తన్నాను. మావ అనుకుంటే ఈడెవులో సూత్తన్నాడు. ఎవులో అనుకుంటే మావ మొకం. ఈ కళ్ళు తీసీ బాబాయ్. తీసీసి సూపించు."

ఫోటో మీద దిద్దిన రంగు చెరిపితే మొహం కూడా చెడిపోతుందన్నాడు దానియేలు. కానీ నెగెటివు మీద తాను ఎప్పుడూ కుంచె పెట్టలేదు, దాన్నుంచి మళ్ళీ ప్రింటు తీస్తానన్నాడు. ఈ మనిషి యారాడ కొండ కింద సముద్రపు రాళ్ళ దగ్గర దొరికాడనీ, వానాకాలమనీ ఆయనకి గుర్తుంది. పడిన మర్నాడే దొరికినట్టున్నాడు, మొహం చెడలేదు అని కూడా అన్నాడు. నూకరత్నాన్ని బయట కూర్చోమన్నాం. ఆమె ఒప్పుకోలేదు.

చీకటి గది అంటే వెనక పెరట్లోకి వెళ్ళే నడవా. రెండు చివరలా నల్ల దుప్పట్లు కట్టి చేసింది. ముగ్గురం పట్టడమే కష్టం. ఎర్ర బల్బు ఒక్కటే. మందుల పుల్లటి వాసన. దానియేలు నెగెటివులోంచి కాగితం మీద వెలుగు పడనిచ్చి, దాన్ని తీసి పళ్ళెంలోని నీళ్ళలాంటి మందులో ముంచాడు. పళ్ళేన్ని ఒక అంచున పట్టుకుని మెల్లగా ఊపుతున్నాడు. తెల్ల కాగితం తెల్లగానే ఉంది. తర్వాత ఎక్కడో జుట్టు దగ్గర ఒక మసక. దాని కింద ముక్కు నీడ. గడ్డం మీది నొక్కు. నీళ్ళ అడుగునుంచి మనిషి పైకి తేలుతున్నట్టు మొహం వస్తోంది. సముద్రంలోంచి అతణ్ణి రెండోసారి తీస్తున్నారనిపించింది నాకు. కళ్ళు అన్నిటికన్నా ఆఖరున వచ్చాయి. కుడి కన్ను పూర్తిగా మూసి ఉంది. ఎడమ కన్ను సగం తెరిచే ఉంది, రెప్ప కింద సన్నటి తెల్లటి గీత.

నూకరత్నం పళ్ళెం మీదికి వంగింది.

"నిద్దరోయినా ఎడంకన్ను మూతపడదు మా మావకి," అంది. "పెళ్ళయిన కొత్తలో సూసి జడుసుకున్నాను. నిద్దరోతన్నావా, నన్ను సూత్తన్నావా అనీదాన్ని."

ఏడవలేదు. పళ్ళెం ఊపడం ఆపెయ్యమని దానియేలు చేతి మీద చెయ్యి వేసింది. మందులోనే ఉంచేస్తే ప్రింటు నల్లబడిపోతుందని ఆయన అన్నాడు, అయినా ఆపాడు. మేం చూస్తుండగానే ఆ మొహం ముదిరి, నలుపెక్కి, ఆ నలుపులోనే కలిసిపోయింది. అందాకా ఆమె కదలలేదు. బయటికి వచ్చాక, ఇంకోటి తీసి తనకివ్వమని దానియేలుని అడిగింది. పోలీసులకి చూపించాలి అంది.

గోడ మీది అప్పలరాజు ఫోటో ఆ సాయంత్రమే దింపేశారు. పోలీసు స్టేషనులో అతని బట్టలు మూట కట్టి ఉంచారు. చొక్కా ఆమె గుర్తుపట్టింది. ఎవరూ రాని శవాలని పూడ్చే చోటు దానియేలుకి తెలుసు. ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆమెని అక్కడికి తీసుకెళ్ళాడు. గుర్తు ఏమీ లేదనీ, గోడ పక్కన ఫలానా వరస అని కాపలావాడు చూపించాడనీ తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

వాంగ్మూలం రాసుకోవడానికి నేను వెళ్ళినప్పుడు నూకరత్నం అభ్యంతరం ఉపసంహరించుకుంటానంది. ఒక్కటి అడిగింది. కారణం కాగితంలో పెట్టవద్దని. ఉత్తర్వు నకలు వీధిలో అంటిస్తారని ఆమెకి తెలుసు. ఎవరో ఒకరు పైకి చదువుతారు, ముసలమ్మ వింటుంది.

"అత్త కొడుకొత్తాడనే బువ్వ తింటన్నాది బాబూ. నాకు తెలిసింది సాలు. ఆమెకి ఎందుకు?"

ఆమె బొట్టు అలాగే ఉంది. తాడు అలాగే ఉంది. మొగుడు వదిలేసి పోయినదన్న మాట వీధిలో పడుతూనే ఉంటుంది కదా అన్నాను. పడనీ అంది.

నోట్‌లో, షరతులకు లోబడి ఆక్షేపణదారు సంతృప్తి చెందారు అని రాశాను. షరతులు రెండు పెట్టాను. వీధికి కనబడేలా ఆ చిత్రాలు ఉంచరాదన్నది మొదటిది. చిత్రాల్లో కళ్ళు దిద్దరాదన్నది రెండోది. విశ్వనాథంగారు మొదటి పేరానుంచి చివరిదాకా చదివి, నన్ను పిలిచి, రెండో షరతు ఏ నిబంధన కిందికి వస్తుందని అడిగారు. రాదన్నాను. ఏం జరిగిందో చెప్పాను. ఆయన కలం తీశారు. శబ్దం, పొగ, వాసన, రద్దీ, నిప్పు, ఇవి మన చేతిలో ఉన్నవి, కళ్ళ మీద మనకి అధికారం లేదయ్యా అని, ఆ వాక్యం కొట్టేసి సంతకం చేశారు. దానియేలుకి నోటితో చెప్పి రండి అన్నారు.

చెప్పవలసిన అవసరం రాలేదు. నేను ఉత్తర్వు తీసుకెళ్ళేసరికే ఆయన ఫోటోలన్నీ వెనక గదిలోకి మార్చేశాడు. నెగెటివులన్నీ తీసి, కళ్ళు దిద్దకుండా మళ్ళీ ప్రింట్లు వేస్తున్నాడు. మూసిన కళ్ళు చూసి జనం తల తిప్పుకుంటే ఏం చేస్తారని అడిగాను. పక్కన నిలబడి, ఇంకోసారి సూడండి అని సెప్తాను, అంతకన్నా ఏటి సేత్తాను అన్నాడు. పాత ప్రింట్లు ఏమయ్యాయని అడిగితే పెరట్లో కాల్చేశానన్నాడు. ముందుగా మొహాలు కాలాయనీ, రంగు మందంగా ఉన్న కళ్ళు ఆఖరిదాకా నిలిచాయనీ చెప్పాడు. ఆయన ఆ మాట నావైపు చూడకుండా చెప్పాడు. నేనూ ఆయనవైపు చూడలేదు.

అనుమతి ఇంకో రెండు సార్లు పొడిగించాం. ఆ తర్వాత మార్కెట్ దగ్గర గది దొరికి ఆయన స్టూడియో అక్కడికి మార్చుకున్నాడు. ఖాళీ చేశాడని ధ్రువీకరించడానికి నేను వెళ్ళిన రోజున దానియేలే ఎదురింటి సంగతి చెప్పాడు. ఆ ఎండాకాలంలో పైడమ్మ పోయింది. చివరి రోజు కూడా కొడుక్కి అన్నం తీసి ఉంచమందట. కర్మలు అయిన మర్నాడు నూకరత్నం వీధి అరుగు మీదికి వచ్చి, అందరూ చూస్తుండగా, నీళ్ళతో బొట్టు కడుక్కుంది. అత్తకి చేసినట్టే మొగుడికీ కర్మ చేయించింది. వీధివాళ్ళు నోళ్ళు నొక్కుకుంటే, మా మావ యారాడ రాళ్ళకాడ పోయి ఇన్నేళ్ళయింది, ఎవులినీ ఉంచుకోలేదు అని అందరికీ వినబడేలా చెప్పిందట. అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పలేదట.

నేను ఆ విభాగంలో ఇంకా చాలా ఏళ్ళు పని చేసి, అసిస్టెంట్ ప్లానరుగా రిటైరయ్యాను. ఆ ఫైలు నాకు నేర్పింది ఉద్యోగానికి సంబంధించిన విషయమే. అభ్యంతరం రాయించేవాళ్ళు మన దగ్గరున్న శీర్షికల్లో దేనికి దగ్గరగా ఉంటే దాని కింద తమ బాధ పెడతారు. చూస్తున్నాడు అంటే గోప్యత అని మనం అనుకుంటాం, తడిక కట్టమంటాం, ఫైలు మూసేస్తాం. అందుచేత ఆ తర్వాత నా కింద పనిచేసిన ఇన్స్పెక్టర్లెవరినీ దరఖాస్తుదారు గుమ్మం దగ్గర నిలబడి తనిఖీ ముగించనివ్వలేదు. అభ్యంతరం చెప్పినవాళ్ళ ఇంట్లోకి వెళ్ళి, వాళ్ళు చెప్పిన వేళకి, వాళ్ళు కూర్చునే చోట కూర్చుని చూసి వచ్చాకనే నోట్ తీసుకునేవాణ్ణి. చాలాసార్లు అక్కడ రుబ్బురోలు చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. అయినా వెళ్ళి రమ్మనేవాణ్ణి.